జానుతెనుగు నుంచి గోర్ బోలి దాకా: ఒక ఆత్మవిమర్శ

పాల్కురికి సోమనాథుని మీద మాట్లాడమని ఈ పదిహేనేళ్లలో నన్ను ఏడెనిమిది సభలకు పిలిచారు. అన్నిచోట్లా దాదాపు ఒకే ఉపన్యాసం చేశాను. సోమన దేశికవి. సంస్కృత మార్గాన్ని కాదన్నాడు. ద్విపదను నిలబెట్టాడు. చాకలిని, మాదిగను, వేటగాణ్ణి కావ్యనాయకుల్ని చేశాడు. కనుక తెలుగులో అభ్యుదయ సంప్రదాయానికి ఆయన ఆద్యుడు. ఇదీ నా వరస. సభలో చప్పట్లు మోగేవి. నేను జనగామ బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి.

ఆ ఉపన్యాసంలో అబద్ధం లేదు. అయితే అది సగంలో ఆగిపోయిన మాట. ఒక మతం, ఒక భాష ఒక సీమ నుంచి మరొక సీమకు ఎట్లా పోతాయి, పోయినచోట ఏమవుతాయి అన్న ప్రశ్నను సోమన దగ్గర మొదలుపెట్టి సోమన దగ్గరే ముగించేశాం. ఆ తర్వాత ఎనిమిది శతాబ్దాల కథను, ఇవాళ మన బడిలో నడుస్తున్న కథను దానికి కలపలేదు. కలిపి చూస్తే మన స్థానం ఎక్కడో తెలిసివస్తుంది. అది అంత గౌరవంగా కనిపించదు. ఈ వ్యాసం ఆ కలిపి చూసే ప్రయత్నమే.

మొదట సోమన సంగతే చూద్దాం. వీరశైవం ఈ నేలలో మొలిచింది కాదు. పన్నెండో శతాబ్దిలో బిజ్జలుని కొలువులో మంత్రిగా ఉన్న బసవేశ్వరుడు కల్యాణంలో దాన్ని ఉద్యమంగా నడిపాడు. ఆ కల్యాణం ఇప్పటి కర్ణాటకలో బీదరు జిల్లాలోని బసవకల్యాణం. అక్కడ దాని నోరు కన్నడ వచనం. మడివాళ మాచయ్య చాకలి, హరళయ్య చెప్పులు కుట్టేవాడు, అంబిగర చౌడయ్య పడవ నడిపేవాడు. చేతిపని మీద బతికేవాళ్లు తమ దేవుణ్ణి తమ మెడలోనే కట్టుకొని, గుడిని, పూజారిని దాటిపోయిన ఉద్యమం అది. హరళయ్య కొడుక్కు బ్రాహ్మణ మూలాలున్న మధువరసు కూతుర్ని ఇచ్చి పెళ్లి చేసినప్పుడు రాజ్యం దాన్ని భరించలేకపోయింది. కల్యాణం చెదిరింది. శరణులు నలుదిక్కులా వెళ్లిపోయారు.

అట్లా చెదిరి వచ్చిన మతాన్ని జనగామకు దగ్గరలోని పాలకుర్తివాడైన సోమన అందుకొన్నాడు. అతని కాలం మీద పండితుల్లో వాదం ఉంది, ఇక్కడ దాన్ని తవ్వను. ఆయన చేసిన పనిని మాత్రం గమనించాలి. బసవపురాణంలో కన్నడదేశపు శరణుల కథలతోపాటు అరవదేశపు నాయనార్ల కథలూ ఉన్నాయి. వేటగాడైన కన్నప్ప అట్లా వచ్చినవాడే. వృషాధిప శతకంలో ఆయన తెలుగుతో ఆగక కన్నడం, తమిళం, మరాఠీల్లోనూ పద్యాలు చెప్పాడు. అంటే జానుతెనుగు కవి ఒక్క తెలుగులోనే తిరిగినవాడు కాడు. నాలుగు భాషల సంతలో నిలబడి, పాడుకొనేవాడికి ఏది నోరు తిరుగుతుందో చూచుకొని ద్విపదను ఏరుకొన్నాడు. ఆ సంగతి గ్రంథారంభంలోనే చెప్పుకొన్నాడు. జంగాలు ఆ కథలను ఊరూరా మోశారు. 1369లో భీమకవి అదే బసవపురాణాన్ని కన్నడ షట్పదిలోకి తీసుకుపోయాడు. కన్నడం నుంచి వచ్చిన కథ తెలుగు వేసుకొని మళ్లీ కన్నడానికి చేరింది. ఒక మతం ఇంత దూరం నడవడానికి రాజు పంపిన సైన్యం కారణం కాదు. పని చేసుకొనేవాడి నోటికి పట్టే భాష దానికి దొరికింది.

ఇంతవరకు నా పాత ఉపన్యాసమే. ఇక అందులో నేను చెప్పకుండా దాటవేసిన మూడు సంగతులున్నాయి.

ఒకటి, మతం ప్రయాణంలో మారింది. కల్యాణంలో కులాన్ని తోసిపుచ్చిన ఉద్యమం తెలుగునేల మీద మరొక రూపం కూడా ఎత్తింది. మల్లికార్జున పండితారాధ్యుడు బసవని మెచ్చినా బ్రాహ్మణ్యాన్ని వదలలేకపోయాడని సంప్రదాయం చెబుతుంది. ఆరాధ్యులు మెడలో లింగాన్నీ, భుజాన జందెాన్నీ రెంటినీ ఉంచుకొన్నారు. సోమన బసవపురాణం రాసిన చేతితోనే పండితారాధ్య చరిత్రా రాశాడు. ఈ సర్దుబాటును కవి చాంచల్యం అనడం తేలిక. నాకు మాత్రం ఇందులో సమాజపు పట్టు కనిపిస్తుంది. కల్యాణంలో ఉద్యమానికి చేతివృత్తులవాళ్లు వెన్నెముక. ఇక్కడ చెరువు కింద సేద్యం, దానిమీద బతికే గుడి, ఆ గుడిని ఆశ్రయించిన అగ్రహారం బలంగా ఉన్నాయి. ఆ పునాది మీదికి వచ్చిన మతం దానితో రాజీపడింది. చివరకు ఏమైంది? జంగం అన్నది ఒక కులం పేరయింది. లింగబలిజ ఒక కులం పేరయింది. కులం వద్దన్న మతం కులాల జాబితాలో మరో రెండు వరసలు చేర్చి ఊరుకొంది.

రెండు, సోమన ఒక గోడను పడగొట్టి మరొకటి కట్టాడు. భక్తుల మధ్య కులం లేదన్నాడు. భక్తుడు కానివాడికి మాత్రం ‘భవి’ అని పేరుపెట్టి వెలి వేశాడు. జైనుల మీద ఆయన కావ్యంలో ఉన్న కసి చిన్నది కాదు. ఆ జైనులు ఎవరు? కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద, పదో శతాబ్ది మధ్యలో, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయ భారతానికి శతాబ్ది ముందు తెలుగు కందాన్ని రాతి మీదికి ఎక్కించినవాళ్లు జైనులు. జనగామకు కూతవేటు దూరాన ఉన్న కొలనుపాకలో జైనక్షేత్రమూ ఉంది, వీరశైవులు తమ ఆచార్యుడు పుట్టాడని చెప్పుకొనే సోమేశ్వరాలయమూ ఉంది. ఒకే ఊరి మట్టిలో ఒకదాని మీద ఒకటి పేరుకొన్న మతాలివి. జనం భాషలో రాసినంత మాత్రాన కావ్యం జనమందరి పక్షాన ఉన్నట్టు కాదు. జనభాషలో ద్వేషాన్నీ చెప్పవచ్చు, అది ఇంకా వేగంగా చేరుతుంది. సోమనను ప్రేమించేవాళ్లమే ఈ మాట గట్టిగా చెప్పాలి.

మూడు, పాలకుర్తిలో సోమన ఒక్కడే లేడు. కావ్యంలో మడివాళ మాచయ్య చేత రాజు మైలగుడ్డను ధిక్కరింపజేసిన కవి ఊరిలోనే, 1940లలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశముఖు మనుషుల పాలు కానివ్వక నిలబడింది. ద్విపదలో చాకలి భక్తుడైన తర్వాత కూడా ఊరిలో చాకలి వెట్టి చేస్తూనే ఉందన్నమాట. మతం ఇచ్చిన గౌరవం ఇంటి గడప దాటి పొలం గట్టు దాకా రాలేదు. ఆ దూరం నడవడానికి సంఘం కావలసివచ్చింది. ఈ ఇద్దరు చాకలివాళ్లను పక్కపక్కన నిలబెట్టి చదవని విమర్శ సోమనకు దండవేసి తప్పుకొనే విమర్శ.

ఇప్పుడు నా బడి సంగతికి వస్తాను. ఉమ్మడి వరంగల్లు జిల్లాలో తెలుగు పండితుడిగా చేరిన నేను మొదట జనగామ వైపు, తర్వాత మానుకోట వైపు, ఆ తర్వాత భూపాలపల్లి వైపు అడవి అంచున పనిచేశాను. 2016 అక్టోబరు 11న ఇవి మూడూ జిల్లాలయ్యాయి. మానుకోట కాగితాల మీద మహబూబాబాదే. ఆ బడిలో నా తరగతిలో సగానికి పైగా తండా పిల్లలు. ఒకసారి ‘మా ఊరి పండుగ’ అని వ్యాసం రాయమన్నాను. ఎనిమిదో తరగతి పాప ఒకతె సీత్లా పండుగ మీద రాసింది. పశువులు, పిల్లలు చల్లగా ఉండాలని తండా అంతా కలిసి సీత్లా భవానిని కొలిచే పండుగ అది. గుగ్గిళ్లు, కొత్త బట్టలు, పాటలు అన్నీ రాసింది. అందులో నాలుగుచోట్ల ‘యాడి’ అని ఉంది. నేను ఎర్రసిరాతో నాలుగూ కొట్టేసి పైన ‘తల్లి’ అని రాశాను. కింద ‘భాషాదోషాలు సవరించుకోవాలి’ అని రాసి మార్కులు తగ్గించాను. పాప పుస్తకం పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, మా యాడిని తల్లీ అని పిలిస్తే పలుకది సార్.”

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. పో, కూర్చో అన్నాను. ఆ వారమే ఒక సభలో జానుతెనుగు గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడాను. ఈ రెండూ ఒకే మనిషి చేసిన పనులని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ పాప భాష ఎక్కడి నుంచి వచ్చింది? గోర్ బోలి తెలుగు కుటుంబానిది కాదు. రాజస్థానీకి దగ్గరైన ఇండో ఆర్య భాష. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని మొగలు సైన్యాల వెంట దక్కనుకు వచ్చినవాళ్లలో వీళ్ల పెద్దలున్నారు. యుద్ధం చేసే రాజుకు తిండి మోసిన శ్రమ వెంట ఒక భాష వింధ్య దాటి వచ్చింది. తర్వాత నిజాము రైలు వచ్చింది. 1889 నాటికి ఆ దారి జనగామ, మానుకోటల మీదుగా బెజవాడ చేరింది. పట్టాలు పడినచోట ఎద్దుల బిడారు నిలవలేదు. వ్యాపారం పోయినవాళ్లు తండాలు కట్టుకొని అడవి నరికి చెలకలు చేసుకొన్నారు. ఆ చెలకలకు దొర కన్ను తగిలింది. జనగామ ప్రాంతపు ధర్మాపురం లంబాడీల భూపోరాటం, జాటోతు ఠానునాయక్ బలిదానం మన తెలంగాణ సాయుధపోరాట చరిత్రలో ఉన్నవే. అయితే ఆ తండాల ఆడవాళ్లు గోర్ బోలిలో పాడుకొన్నదేమిటో చెప్పే ఒక్క పుట నేను చదివిన పోరాట సంకలనాల్లో కనబడలేదు. వాళ్ల నెత్తురు మన చరిత్రలోకి వచ్చింది, వాళ్ల మాట బయటే ఉండిపోయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. గోర్ సమాజానికీ తన గోడ ఉంది. తమవాణ్ణి ‘గోర్’ అంటారు, బయటివాణ్ణి ‘కోర్’ అంటారు. సోమనకు భవి ఉన్నట్టు వాళ్లకు కోర్ ఉన్నాడు. ఊరూరా తిరిగే జాతి తనను తాను నిలుపుకోవడానికి ఇట్లాంటి గీత గీసుకొంటుంది. కాని బలం ఉన్నవాడు గీసే గీత వేరు, బలహీనుడు గీసే గీత వేరు. గోర్ అవ్వ నన్ను కోర్ అంటే నా జీతం తగ్గదు, నా బిడ్డ పరీక్ష తప్పదు. నేను ఆమె మనవరాలి మాటను దోషమంటే ఆ పిల్ల బడి మానేసే అవకాశం ఉంది. విమర్శకుడు ఈ తేడాను చూడకపోతే రెండు గోడలూ సమానమేనని తప్పుడు తీర్పు చెబుతాడు.

తెలంగాణలో 2011 జనగణన ప్రకారం లంబాడీలు 20 లక్షల పైచిలుకు. షెడ్యూల్డు తెగల్లో వాళ్లదే పెద్ద సంఖ్య. అదే జనగణన భాషల పట్టికలో లంబాడీ అన్నది విడి భాషగా లేదు. హిందీ కింద ఒక మాతృభాషగా లెక్కపెట్టారు. మానుకోట తండాలోని అవ్వ తనకు రాని హిందీ సంఖ్యను పెంచడానికి పనికివచ్చింది. ఒక భాష వ్యాపించిందని గణాంకాలు చెప్పినప్పుడల్లా, ఎవరి నోటిని ఎవరి ఖాతాలో రాశారో అడగడం మన పని.

తర్వాత భూపాలపల్లి వైపు వెళ్లాను. అక్కడ ఒక వైపు సింగరేణి గనులు, పది ఊళ్ల నుంచి వచ్చిన కార్మికుల యాసలు. మరొక వైపు అడవి, కోయగూడేలు. ‘కోయభాష అంటే వంకర తెలుగే కదండీ’ అని ఉపాధ్యాయుల గదిలో చాలాసార్లు విన్నాను. నేనూ కాదనలేదు. ఎం.ఏ. చదివేటప్పుడు భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్గీకరణ బట్టీపట్టి మార్కులు తెచ్చుకొన్నవాణ్ణే. గోండి, కోయ, కువి, తెలుగు ఒకే దక్షిణమధ్య శాఖవని ఆయన చూపాడు. అంటే కోయ మనకు వంకర కాదు, తోబుట్టువు. ఒక తోబుట్టువు రాజ్యం, లిపి, గుడి, బడి సంపాదించుకొంది. మరొకటి అడవిలో ఉండిపోయింది. ఉన్న తోబుట్టువు లేని తోబుట్టువును చూచి నీ మాట వంకర అంటోంది. పరీక్షలో రాసిన జ్ఞానం బల్ల ముందు కూర్చున్న పిల్లవాడి దాకా ఎందుకు రాలేదో నన్ను నేను అడుక్కోవాలి.

మేడారం సంగతి ఈ ప్రశ్నను ఇంకా లోతు చేస్తుంది. 2016లో అది భూపాలపల్లి జిల్లాలో ఉంది, 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షల జనం అక్కడికి చేరతారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్క, మహబూబాబాదు జిల్లా పూనుగొండ్ల నుంచి సమ్మక్క పెనిమిటి పగిడిద్దరాజు గద్దెల మీదికి వస్తారు. విగ్రహం లేదు, కోయ వడ్డెలే పూజారులు. మొక్కుకొన్నవాడు తన ఎత్తు బెల్లాన్ని బంగారమని సమర్పిస్తాడు. బసవని మతం దేశాలు తిరిగి జనాన్ని చేరింది. ఈ వేల్పు కదలకుండా ఉంది, జనమే దాన్ని చేరారు. మతాలు వ్యాపించే దారుల్లో ఇదీ ఒకటి.

కాని వచ్చినవాళ్లు వట్టి చేతులతో రారు. తమ పురాణాన్ని వెంట తెస్తారు. 1996లో జాతర రాష్ట్ర పండుగయింది. మైకులో తెలుగు, అచ్చుపుస్తకంలో తెలుగు, క్యాసెట్టులో తెలుగు, ఇప్పుడు ఫోనులో తెలుగు. మనం విన్న సమ్మక్క కథ పులుల మధ్య దొరికిన దేవతాశిశువు కథ. కోయ డోలీలు పడిగె విప్పి పాడేదాంట్లో గట్ల చరిత్ర, వంశాల చరిత్ర ఉంటుంది. ఒకటి మహిమ చెబుతుంది, మరొకటి మనుషుల వరస చెబుతుంది. ఆ పాట పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయాడు. బిరుదు ఒక మనిషికి వస్తుంది, పాటకు వారసుడు కావాలంటే ఆ భాషలో బడి కావాలి. దేశంలో కోయను మాతృభాషగా చెప్పుకొన్నవారు 2011లో నాలుగు లక్షల పైచిలుకు మాత్రమే. లక్షల మంది తెలుగులో మొక్కే దేవతకు సొంత భాషలో పాడేవాళ్లు తగ్గిపోతున్నారు. దీన్ని సంస్కృతి వ్యాప్తి అని మురిసిపోదామా?

ఇంతా చెప్పాక ఒక అభ్యంతరం తప్పక వస్తుంది. తెలుగు రాకపోతే ఆ పిల్లలకు కొలువెక్కడిది, తండాలోని తల్లిదండ్రులే ఇంగ్లీషు బడి కావాలంటున్నారు కదా అని. నిజమే. యాడి మాటతో పాటు తెలుగు రావాలి, ఇంగ్లీషూ రావాలి. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేసి చిన్న తరగతులు మొదలుపెట్టారు. ఇంటి మాట మీద మెట్టు కట్టి బడి మాటకు ఎక్కించవచ్చని ఒప్పుకొన్న పని అది. దాన్ని పెంచి పోషించవలసిన మనం పట్టించుకోలేదు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఇప్పుడు నా తెలుగు రోజుకొక పీరియడు. ‘తెలుగు ఎందుకు సార్’ అని పిల్లలు అడిగినప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ కోపం వచ్చిన ప్రతిసారీ ఎర్రసిరాతో కొట్టేసిన నాలుగు యాడిలు కళ్ల ముందు నిలుస్తాయి.

ఈ అవమానం మనకు కొత్త కాదు. 1921లో హైదరాబాదు వివేకవర్ధినిలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ గేలిచేసింది. ఆ గాయం నుంచి ఆంధ్రజనసంఘం పుట్టింది. 1956 తర్వాత మన యాసను సినిమాలో విలన్లకు, నౌకర్లకు కట్టబెట్టారు. ఆ గాయానికి కాళోజీ జీవితమంతా జవాబు చెప్పాడు. ఇవాళ ఆయన పుట్టినరోజు, సెప్టెంబరు 9, తెలంగాణ భాషాదినం. ప్రతి గాయమూ మనకు న్యాయం నేర్పింది గాని, ఆ న్యాయాన్ని మన కింద ఉన్నవాడికి వర్తింపజేయడం నేర్పలేదు. మనం దేశి పక్షాన మాట్లాడుతూ మార్గం పీట మీద కూర్చున్నాం. గోర్ బోలికి, కోయకు మనమే ఇవాళ మార్గం.

అయినా గోర్ మాట మన అనుమతి కోసం ఆగలేదు. రమేశ్ కార్తీక్ నాయక్ కథలు ‘ఢావ్లో’కు 2024లో కేంద్ర సాహిత్య అకాడెమీ యువపురస్కారం వచ్చింది. పుస్తకం తెలుగు, పేరు గోర్ మాట. సోమన కన్నడ శరణుల్ని తెలుగులోకి తెచ్చినట్టే ఈ కొత్త రచయితలు తండాను తెలుగులోకి తెస్తున్నారు. వాళ్లను యాస రచయితలని పక్కవరసలో కూర్చోబెట్టడం మానుదాం. వాళ్లు తెలుగును పెంచుతున్నారు.

ఆ పాప ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. నా దిద్దుబాటు మాత్రం ఆమె పుస్తకంలో ఉండే ఉంటుంది. ఇప్పుడు ఏ వ్యాసంలోనైనా ‘యాడి’ కనబడితే కొట్టెయ్యను. ఆ మాట అర్థం తరగతికి చెప్పమని రాసిన పిల్లనే లేపుతాను. పెద్ద విప్లవమేమీ కాదది, ఒక ఉపాధ్యాయుడు చేయగలిగినంత పని. ఈ పత్రిక పాఠకుల్ని, తోటి రచయితల్ని ఒకటి అడుగుతున్నాను. ఈసారి పాలకుర్తిలోగాని, జనగామలోగాని సోమన మీద సభ పెట్టినప్పుడు వేదిక మీద ఒక గోర్ పాటకు, ఒక కోయ పాటకు చోటివ్వండి. అనువాదం తర్వాత చెప్పవచ్చు, ముందు ఆ భాషలో విందాం. నాకిచ్చే అరగంట ఉపన్యాసం సమయం వాళ్లకు ఇవ్వండి.